పద్నాలుగో ప్రశ్న

ఫిషింగ్ హార్బర్లో
ఐసు నీళ్లలో చెప్పులు జారుతుంటే
ఇరవై ప్రశ్నల కాయితం పట్టుకుని అడిగాను:
"గత రెండు వారాల్లో
మీరెంత తరచుగా ఒత్తిడికి లోనయ్యారు?"

మైలపల్లి ఎర్రమ్మ
వంజరం మెడ మీద కత్తి ఆపింది.
"ఒత్తిడంటే ఏటమ్మా?"

టెన్షన్, అన్నాను.
"అది మా అల్లుడికుంటాది, సెల్లులో సార్జింగ్ అయిపోతే."
బెంగ, అన్నాను. దిగులు.
"అలగడుగు మరి.
సెప్పిన రోజుకి బోటు రాకపోతే
ఇక్కడ" (పొలుసుల చెయ్యి పొట్ట మీద పెట్టుకుని)
"ఎండుమిరగాయలు ఏపినట్టుంటాది.
రాసుకో."

ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు, తరచుగా, రోజూ.
ఉన్నవి నాలుగు గడులు.
మిరపకాయల్ని ఎక్కడ రాయను?

పద్నాలుగో ప్రశ్న:
ఒత్తిడి తగ్గించుకోడానికి మీరేం చేస్తారు?
నడక, సంగీతం, ధ్యానం,
నమ్మకమైన మనిషితో మాట్లాడటం.

"తిడతాం" అంది.
ఎవర్ని?
"సంద్రాన్ని. ఇంకెవుల్ని?"

చిన్నకొడుకు బోటుకి
అప్పటికే మూడు రోజులు దాటిందని
పక్కన రొయ్యలు వలుస్తున్నావిడ చెబితే తెలిసింది.

పొద్దు వాలాక జెట్టీ చివర చేరారు
పదీ పన్నెండు మంది.
కొంగులు బిగించి, కాళ్లు ఎడం చేసి,
నీ కడుపు కాలిపోనూ అని ఒకామె ఎత్తుకుంటే
నీ కెరటం ఇరిగిపోనూ అని ఇంకొకామె.
వాళ్లమ్మలు తిట్టినవే, అమ్మమ్మలు తిట్టినవే,
ఒక్క వరస తప్పకుండా.
గొంతులు జీరబోయేదాకా.
ఆనక ఎవరో కిళ్లీ పంచారు.

గంగమ్మ తల్లి కదా, తిట్టొచ్చా? అన్నాను.
"తల్లిని కాపోతే ఎవుల్ని తిడతాం?
పైవోళ్లని తిడితే తగువులైపోవా?"

నువ్వూ ఒకటనమంది.
నేను సైకాలజీ ఎమ్మే.
రెండు నెలలుగా రాత్రి మూడింటికి
గుండె దడదడలాడి లేచి కూర్చుంటున్నదాన్ని.
నోరు తెరిస్తే వచ్చింది
"ఛీ."
వాళ్ల నవ్వుకి కొంగలు లేచిపోయాయి.
"ఛీ యేటమ్మా, కాయితాలమ్మాయీ!
సంద్రానికి యినపడొద్దూ?"

(బోటు మర్నాడొచ్చింది.
ఇంజను చెడితే ఇంకెవరో తాడు కట్టి లాక్కొచ్చారు.
తిట్లకీ దానికీ సంబంధం లేదు.
అని నేననుకుంటాను.)

మాది ఉక్కునగరం క్వార్టర్.
పక్కింటికీ మాకూ ఒకటే గోడ,
వాళ్ల కుక్కర్ కూతలు మేం లెక్కపెడతాం.
"మెల్లిగా, వింటారు" అనే మాట
అన్నంతో పాటు తిన్నాను.

నాన్న పక్కన పదకొండేళ్లు పనిచేసిన
దాలినాయుడు మావయ్య
ఫర్నేసు దగ్గర పోయిన రోజు,
బి షిఫ్టు నుంచి వచ్చి నాన్న
స్కూటరు కడిగాడు.
రాత్రి పదకొండింటికి. స్పోకు స్పోకు.
అమ్మ టీవీ సౌండు పెంచింది.
పక్కింటివాళ్లు గిన్నెడు ఉప్మా పంపారు, మూతపెట్టి.
ఎవరూ ఏమీ అనలేదు.
ఇన్నేళ్లూ దాన్ని నేను
మనసు లేకపోవడం అనుకున్నాను.

ఆ రాత్రి కూర్మన్నపాలెంలో బస్సు దిగి వచ్చేసరికి
నాన్న వాకిట్లో బకెట్టుతో ఉన్నాడు.
ప్లాంటు గురించి పేపర్లో మళ్లీ ఏదో వచ్చినట్టుంది.
బ్యాగు పక్కన పడేసి
పాత బనీను గుడ్డ తీసుకుని
వెనక చక్రం దగ్గర కూర్చున్నాను.
నా ఒంటి నుంచి చేపల వాసన.
ఆయన అడగలేదు.
"హబ్బు దగ్గర గ్రీజుంది చూడు" అన్నాడంతే.

చాలాసేపు తుడిచాక
నా నోట్లోంచి దానంతటదే జారింది:
నీ కడుపు కాలిపోనూ.

నాన్న చెయ్యి ఆగింది.
"ఎవర్ని?" తలెత్తకుండా అడిగాడు.

చెట్ల మీదుగా ఆకాశం
ఫర్నేసు వైపు ఎర్రగా ఉంది.
గడ్డంతో అటు చూపించాను.

పక్కింటి గోడ వైపు ఓసారి చూసి
గుడ్డ పిండి
"కొంచెం గట్టిగా అను"
అన్నాడు.